డబ్లిన్‌లో కొత్త దుకాణం తెరిచారు, మంగళగిరి నుంచి సరుకు పంపనా?

ప్రశ్న: మాది మంగళగిరి. మగ్గాల దగ్గర బట్ట కొని కుషన్ కవర్లు, దుపట్టాలు, టేబుల్ రన్నర్లు కుట్టించి అమ్ముతుంటాను. మా దగ్గర నలుగురు కుట్టేవాళ్ళున్నారు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో ఆర్డర్లు వస్తాయి. అమెరికాకు కూడా కొంచెం వెళ్ళేది, కానీ 2025 ఆగస్టులో అక్కడ సుంకాలు పెరిగాక ఆ వ్యాపారం దాదాపు ఆగిపోయింది. మా తమ్ముడు డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "అక్కా, అమెజాన్ వాళ్ళు ఐర్లాండ్‌కి విడిగా సైట్ తెరిచారు. ముందు వెళ్ళినవాళ్ళదే రాజ్యం. నా పేరు మీద పెడదాం" అంటున్నాడు. విజయవాడలో ఒక ఏజెంటు లక్షన్నర ఇస్తే రిజిస్ట్రేషన్లన్నీ చేయించి, 600 కవర్లు అక్కడి గోడౌన్‌కి చేరుస్తానంటున్నాడు. నా బంగారం తాకట్టు పెడదామనుకుంటే మావారు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ముందు బంగారం సంగతి. అది బీరువాలోనే ఉండనివ్వండి. ఈ విషయంలో మీవారితోనే ఏకీభవిస్తాను. అలాగని ఐర్లాండ్ వద్దనడం లేదు. తాకట్టు డబ్బుతో, ఒకేసారి 600 కవర్లతో, ఏజెంటు చూపించే దారిలో వద్దంటున్నాను.

మీ తమ్ముడి మాటతో మొదలుపెడదాం. ఐర్లాండ్ సైట్ 2025 మార్చి 18న తెరిచారు, నిజమే. కానీ అక్కడివాళ్ళకు అమెజాన్ కొత్తేమీ కాదు. అంతకుముందు ఏళ్ళ తరబడి బ్రిటన్ సైట్‌లోనే కొనుక్కునేవాళ్ళు. 2021 జనవరి నుంచి బ్రిటన్ యూరప్ మార్కెట్ బయటకు వెళ్ళిపోవడంతో కస్టమ్స్ తలనొప్పులు మొదలయ్యాయి. డబ్లిన్ పక్కన బాల్డొనెల్‌లో కంపెనీ 2022లోనే పెద్ద గోడౌన్ తెరిచింది, విడి సైట్ ఆ తర్వాత వచ్చింది. యూరప్‌లో ఒక దేశంలో అమ్ముతున్నవాళ్ళు అదే ఖాతాతో పక్క దేశాల్లోనూ అమ్ముకునే ఏర్పాటు ఉంది కాబట్టి తెరిచిన రోజుకే అక్కడ కోట్లాది వస్తువులు ఉన్నాయి. టర్కీ కాటన్, పోర్చుగల్ కాటన్, మన పానిపట్, కరూర్ సరుకు, అన్నీ. మీ కవర్లు వాటి వెనక ఎన్నో పేజీలో నిలబడతాయి. అక్కడ "ముందు" అనేది ఎప్పుడో అయిపోయింది.

అమ్మేవాళ్ళు నిజంగా కావాలనుకున్నప్పుడు ఈ కంపెనీ ఎలా ప్రవర్తిస్తుందో మన దేశంలోనే చూశాం. 2013 జూన్‌లో ఇండియాలో మొదలుపెట్టినప్పుడు పుస్తకాలు, సినిమా డిస్కులు తప్ప పెద్దగా ఏమీ లేవు. విదేశీ పెట్టుబడి నిబంధనల వల్ల సొంతంగా సరుకు అమ్మే వీలు లేదు, ఇక్కడి వ్యాపారులు చేరి తీరాలి. అందుకే తర్వాత చాయ్ కార్ట్ అని పేరు పెట్టి, టీ బండ్లతో బజార్లకు వెళ్ళి, చిన్న వ్యాపారులకు టీ పోసి మరీ ఆన్‌లైన్ అమ్మకం గురించి చెప్పారు. ఐర్లాండ్ విషయంలో మీ దగ్గరికి టీ బండి రాలేదు. లక్షన్నర అడిగే ఏజెంటు వచ్చాడు. ఎవరికి ఎవరి అవసరం ఎక్కువుందో దీన్నిబట్టే చూసుకోండి.

రెండోది, కొనేదెవరు? ఐర్లాండ్ 2022 జనాభా లెక్కల్లో దేశం మొత్తం జనం 51 లక్షల చిల్లర. అందులో భారత పౌరులు 45 వేల పైచిలుకు. వాళ్ళలో తెలుగువాళ్ళు, వాళ్ళలో మంగళగిరి అంటే ముచ్చటపడేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పైగా మనవాళ్ళు ఇలాంటివి యూరోలు పోసి కొనరు. సెలవులకొచ్చినప్పుడు పచ్చడి డబ్బాల పక్కన సూట్‌కేసులో సర్దుకుపోతారు. మీ తమ్ముడి ఇంట్లో ఉన్న దుప్పట్లు ఎక్కడివో ఒకసారి అడగండి.

కాబట్టి మీ కస్టమర్ ఒక ఐరిష్ ఆవిడ. నిజాం అంచు అంటే ఆమెకు తెలియదు, గుంట మగ్గం అంటే తెలియదు. ఆమె చూసేది 45 సెంటీమీటర్లా, 50 సెంటీమీటర్లా, జిప్ కనపడకుండా ఉందా, మెషీన్‌లో వెయ్యచ్చా అని. మనకి కొత్త రంగు బట్ట మొదటిసారి విడిగా తడపాలని చిన్నప్పటి నుంచి తెలుసు. ఎర్రదైతే ఉప్పునీళ్ళలో వేసి, నీళ్ళు గులాబీ రంగుకి తిరిగితే "వదులుతోందిలే" అనుకుని ఇంకోసారి జాడిస్తాం. ఆవిడ దాన్ని తెల్ల సోఫా కవర్లతో కలిపి మెషీన్‌లో పడేస్తుంది. అప్పుడు మీకొచ్చేది ఒక కవరు రిటర్న్ కాదు, సోఫా ఫోటోతో సహా ఒక నక్షత్రం రివ్యూ. కొత్త అమ్మకందారుకి మొదటి పది రివ్యూల్లో అలాంటివి రెండు పడితే ఆ లిస్టింగ్ మళ్ళీ లేవడం కష్టం. మీ దగ్గరున్న ప్రతి రంగులోనూ ఒక కవర్ తీసి, తెల్ల గుడ్డతో కలిపి మెషీన్‌లో మూడుసార్లు ఉతికించండి. ఎంత కుంచించుకుపోయిందో టేపు పెట్టి కొలవండి. ఐర్లాండ్ వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ పని మీకు పనికొస్తుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. పెద్ద కంపెనీ ఒక దేశంలో అడుగుపెట్టిందంటే మనకి అది శాశ్వతమనిపిస్తుంది. కంపెనీకి మాత్రం అది ఒక ప్రయత్నం. చైనానే తీసుకోండి. 2004లో అక్కడి జోయో అనే సైట్‌ని సుమారు 7.5 కోట్ల డాలర్లకు కొని అమెజాన్ దిగింది. అక్కడి ఆన్‌లైన్ కంపెనీలు అలీబాబా, జేడీ ముందు నిలవలేక 2019 జులై 18న ఆ దేశంలోని అమ్మకందారుల మార్కెట్ మూసేసింది. పదిహేనేళ్ళ దుకాణం, మూస్తున్నామని చెప్పింది మాత్రం ఏప్రిల్‌లో. అక్కడ స్థానికంగా అమ్ముకునే వ్యాపారులకు దొరికిన గడువు మూడు నెలలే.

అంత దూరం ఎందుకు, షోపీ గుర్తుందా? సింగపూర్ కంపెనీ. 2021 చివర్లో ఇండియాకి వచ్చింది, ఆఫర్లు గుప్పించింది, మనవాళ్ళు చాలామంది హడావిడిగా సరుకు ఎక్కించారు. 2022 మార్చి 29న మూసేశారు. ఆ నెలలోనే ఫ్రాన్స్ నుంచీ వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళకి అది బ్యాలెన్స్ షీట్‌లో ఒక వరుస. ఆ సైట్ కోసమని అప్పు చేసి స్టాకు తెప్పించినవాళ్ళకి ఇంట్లో గుట్ట.

మళ్ళీ అమెజాన్ సంగతికొస్తే, స్వీడన్‌లో 2020 అక్టోబరులో తెరిచినప్పుడైతే దేశాన్ని ఎంచుకునే చోట స్వీడన్ జెండా బదులు అర్జెంటీనా జెండా పెట్టారు. వస్తువుల పేర్లు మెషీన్ అనువాదంలో బూతులైపోయి జనం నవ్వుకున్నారు. అయినా ఆ సైట్ ఇప్పటికీ నడుస్తోంది. ఆస్ట్రేలియాలో 2017 డిసెంబరు 5న మొదలైతే, అక్కడి రిటైల్ దుకాణాలు ఇక మూతపడతాయని ముందు నెలల తరబడి భయపెట్టారు. తీరా తెరిచాక ధరలు చూసి జనం పెదవి విరిచారు. 2018 జులైలో కొత్త పన్ను వచ్చిందని ఆస్ట్రేలియావాళ్ళని అమెరికా సైట్‌లో కొనకుండా ఆపేశారు, గోల పెడితే నవంబరులో వెనక్కి తగ్గారు. ఇన్ని తప్పటడుగులు వేసి, ఏళ్ళ తరబడి ఖర్చు పెట్టి, చివరికి అక్కడ నిలబడ్డారు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు. మీకు ఒక్క సీజన్ సరుకు ఇరుక్కుపోతే నలుగురు కుట్టేవాళ్ళకి శనివారం కూలి ఇవ్వలేరు. ఆ కంపెనీ ఓపిక చూసి మీరు ధైర్యం తెచ్చుకోకూడదు. ఆ ఓపిక ఖరీదు మన దగ్గర లేదు.

సరే, తమ్ముడి పేరు మీద పెట్టడం. ఇక్కడ మీ ఇద్దరికీ గట్టిగానే చెప్పాలి. ఉద్యోగం కోసం ఇచ్చిన పర్మిట్ మీద ఉన్నవాళ్ళకి ఐర్లాండ్‌లో స్టాంప్ 1 అనుమతి ఉంటుంది. దాని మీద ఆ ఉద్యోగం చేసుకోవాలి తప్ప పక్కన సొంత వ్యాపారం పెట్టకూడదు. "అయితే మరదలి పేరు మీద" అంటారేమో. అలాంటి ఉద్యోగుల భార్య లేదా భర్తకి మామూలుగా వచ్చేది స్టాంప్ 1జీ. దాని మీద ఉద్యోగం చేసుకోవచ్చు, వ్యాపారం పెట్టకూడదు. స్టాంప్ 4 అనే పై అనుమతి వచ్చాకే ఆ వీలుంటుంది. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (అక్కడ కొరతగా ఉన్న నైపుణ్యాలకిచ్చేది) మీద వెళ్ళినవాళ్ళకి దాదాపు రెండేళ్ళలో అది రావచ్చు. మీ తమ్ముడి కార్డు మీద ఏ స్టాంప్ ఉందో ఈ రోజే అడగండి. కుషన్ కవర్ల కోసం వాడి ఉద్యోగానికి, వీసాకి ఎసరు తెచ్చుకోవద్దు. ప్రేమతోనే చెప్పుంటాడు, కానీ ఇది ప్రేమతో తేలే విషయం కాదు.

ఇంకో చిక్కు. 2024 డిసెంబరు 13 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే మామూలు వస్తువులన్నిటికీ, ఆ యూనియన్ లోపల ఒక బాధ్యుడి పేరు, చిరునామా ఉండాలి. వస్తువు మీదో ప్యాకింగ్ మీదో, లిస్టింగ్‌లోనూ చూపించాలి. ఐర్లాండ్ ఆ యూనియన్‌లో దేశమే. వస్తువుతో ఏదైనా సమస్య వస్తే అధికారులు ముందు ఆ బాధ్యుడినే పట్టుకుంటారు. డబ్బు తీసుకుని ఆ పని చేసే కంపెనీలున్నాయి. అక్కడ కూడా తమ్ముడి ఇంటి అడ్రసు ఇచ్చేయకండి. దీంతోపాటు బట్టలో ఏ నూలు ఎంత శాతమో లేబుల్ కుట్టాలి. ఎజో అనే రసాయన రంగుల్లో కొన్నిటి మీద యూరప్‌లో నిషేధం ఉంది, మన దేశంలోనూ ఉంది. మీకు బట్ట ఇచ్చే మాస్టర్ వీవర్‌ని "రంగు ఎక్కడ వేయించారు, రిపోర్టు ఉందా" అని అడగండి. మొహమాటపడితే మీరే ఒక ముక్క పరీక్షకు పంపండి. టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబుల్లో చేస్తారు.

లెక్కకి వద్దాం. ఇక్కడ నేను వేసేవి ఊహ అంకెలు, మీ అంకెలు పెట్టి మళ్ళీ వెయ్యండి. ఐర్లాండ్ వ్యాట్ 23 శాతం మాత్రం అసలుదే. రెండు కవర్ల జత 25 యూరోలకు పెట్టారనుకుందాం. వ్యాట్ తీస్తే చేతికి 20 యూరోల 33 సెంట్లు. కమిషన్ 15 శాతం అనుకుంటే ఇంకో 3 యూరోల 75 సెంట్లు పోతాయి (ఈ కమిషన్ వస్తువును బట్టి, ధరను బట్టి మారుతుంది, తరచూ మారుస్తుంటారు, ఆ రోజు పట్టిక చూసుకోండి). గోడౌన్, డెలివరీకి 6. కొత్తవాళ్ళు ప్రకటన పెట్టకపోతే ఎవరి కంటా పడరు, అమ్మిన ప్రతి జతకీ దానికో 3. ఇక్కడి నుంచి రవాణా, దిగుమతి సుంకం కలిపి రెండున్నర. రిటర్న్‌ల కింద ఒకటి పక్కన పెట్టండి. అక్కడ ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇవ్వచ్చు, అది చట్టం. మిగిలింది నాలుగు యూరోల చిల్లర. యూరో వంద రూపాయలనుకుంటే 400. జతకి మీ బట్ట, జిప్, కుట్టుకూలి కలిపి 380 అయితే లాభం ఇరవై రూపాయలు.

ఇక ఏజెంటు లక్షన్నర. 600 కవర్లంటే 300 జతలు. అతని ఫీజే జతకి 500 రూపాయలు పడుతోంది. మొత్తం సరుకు ఒక్కటీ వెనక్కి రాకుండా అమ్ముడైనా మీకు మిగిలేది నష్టమే. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి మీవారికి చూపించండి, ఇంట్లో గొడవ ఆ పూటకి ఆగుతుంది.

అసలు ఆ లక్షన్నర దేనికో కూడా అర్థం కావడం లేదు. ఎగుమతికి కావాల్సిన ఐఈసీ కోడ్‌ని కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) సైట్‌లో 500 రూపాయలు కట్టి మీరే తీసుకోవచ్చు. జీఎస్టీ ఉంటే పన్ను కట్టకుండా ఎగుమతి చెయ్యడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం ఆన్‌లైన్‌లో మీరే దాఖలు చెయ్యచ్చు. మీరు అమెరికాకి పంపారంటే ఇవన్నీ ఉండే ఉంటాయి. లేకుండా గిఫ్ట్ అని రాసి పంపుతూ వచ్చుంటే, ఆ అలవాటు మాత్రం ఇక్కడితో మానండి.

మరి ఏం చెయ్యాలి? నా ఉద్దేశంలో ఐర్లాండ్‌కి కవర్లు సరైన సరుకు కాదు. తక్కువ ఖరీదు వస్తువులో ఖర్చులే ధరని తినేస్తాయి. 150 యూరోల లోపు పార్శిళ్ళ మీద ఇన్నాళ్ళూ దిగుమతి సుంకం లేదు. ఇప్పుడు 2026 జులై 1 నుంచి వస్తువు రకానికి 3 యూరోల చొప్పున వెయ్యాలని యూనియన్ దేశాలు 2025 డిసెంబరులో ఒప్పుకున్నాయి. 25 యూరోల జతకి మూడు యూరోలంటే పెద్ద దెబ్బ. అదే టేబుల్ రన్నరు, ఆరు నేప్‌కిన్లు, ఒకే రంగు, ఒకే అంచు, ఒక పెట్టెలో సెట్‌గా 70 యూరోలకు పెడితే ఆ మూడు పెద్దగా తెలియదు. మంగళగిరి బట్టకు అది బాగా నప్పుతుంది కూడా. ఒళ్ళంతా సాదాగా ఉండి అంచు మాత్రం మెరవడమే కదా దాని అందం, బల్ల మీద పరిచినప్పుడు ఆ అంచు సరిగ్గా కిందికి వేలాడుతుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న బట్ట అని లిస్టింగ్‌లో ఒక వాక్యం రాయండి, చాలు, చరిత్ర పాఠం వద్దు.

అలాంటి సెట్లు ఓ పదిహేను చేయించండి. అక్కడి గోడౌన్‌లో పెట్టకుండా, ఆర్డర్ వచ్చినప్పుడు ఇక్కడి నుంచే పోస్టులోనో కొరియర్‌లోనో పంపండి. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు, కస్టమ్స్ కాగితాలు అక్కడే అవుతాయి. 150 యూరోల లోపు పార్శిల్ అయితే వ్యాట్ కొనేటప్పుడే సైట్‌వాళ్ళు వసూలు చేసి కట్టేస్తారు, మీరు అక్కడ రిజిస్టర్ అవక్కర్లేదు. డెలివరీ ఆలస్యమవుతుంది, అమ్మకం నెమ్మదిగా ఉంటుంది. ఉండనివ్వండి. పండగ సీజన్‌తో కలిపి ఆరు నెలలు చూసి, ఎన్ని అమ్మారు, ఎన్ని వెనక్కొచ్చాయి, చేతికి ఎంతొచ్చింది అన్న మూడు అంకెలు చూసుకున్నాకే గోడౌన్ మాట.

ఇంకో మాట. మీరు అసలు వెతుకుతున్నది ఐర్లాండ్‌ని కాదు, సుంకాలతో దెబ్బతిన్న అమెరికాకి బదులు ఇంకో మార్కెట్‌ని. తమ్ముడు డబ్లిన్‌లో ఉన్నాడు కాబట్టి మీ చూపు అటు పోయింది. వాడు మెల్‌బోర్న్‌లో ఉంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. ఆస్ట్రేలియాతో మన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉంది. మన బట్టలకి అక్కడ దిగుమతి సుంకం లేదు, సరుకు ఇక్కడ తయారైందన్న సర్టిఫికెట్ ఉంటే చాలు. జనాభా ఐర్లాండ్‌కి ఐదింతలు. అక్కడి సైట్ ఎనిమిదేళ్ళు దాటి నడుస్తోంది, అంటే మూసేస్తారన్న భయం తక్కువ. వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు వస్తువుల మీద అక్కడి జీఎస్టీ 10 శాతం సైటే వసూలు చేస్తుంది. కొత్తగా తెరిచిన చోటికే వెళ్ళాలన్న నియమమేమీ లేదు. ఆ పదిహేను సెట్లలో సగం అటువైపు పెట్టి చూడండి.

తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి, వాడికి చెయ్యదగ్గ పని ఒకటుంది. ఆదివారం డబ్లిన్‌లో ఏదైనా ఇంటి సామాన్ల షాపుకి వెళ్ళి కాటన్ నేప్‌కిన్ల సెట్లు పది చూసి, ధర, కొలత, వెనక లేబుల్ ఫోటోలు తీసి పంపమనండి. దానికి ఏ స్టాంపూ అక్కర్లేదు.

ఏజెంటుకి మాత్రం వాట్సాప్‌లో ఈ రెండు ప్రశ్నలు పెట్టండి. "600 కవర్లు ఐర్లాండ్ కస్టమ్స్‌లో దిగేటప్పుడు దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటుంది? అక్కడి దిగుమతి వ్యాట్ ఎవరు కడతారు, ఎలా వెనక్కొస్తుంది?" అమెజాన్ తన గోడౌన్‌కి వచ్చే మీ సరుకుకి దిగుమతిదారుగా ఉండదు, కాబట్టి అక్కడ ఎవరో ఒకరి పేరు పడాల్సిందే. ఫోన్ చేసి చెప్తానంటే వద్దని, రాసే పంపమనండి.